ఆవిడ శైలి మారింది

ఆ శనివారం పొద్దున కామా మేష్టారు పెట్టుకున్న పని ఒక్కటే, కిటికీ తెరలు ఉతకడం. నెలాఖరుకు భార్య వచ్చేస్తుంది. ఏడాదిగా ఆ తెరల మీద పేరుకున్న దుమ్ము చూస్తే ఆవిడ గుమ్మంలోంచే వెనక్కి తిరిగే ప్రమాదం ఉంది. కాబట్టి తెరలన్నీ దించి, బక్కెట్లో సబ్బునీళ్లు కలిపి నానబెట్టారు. అవి నానేలోపు ఒక్కసారి ఫోన్ చూద్దామని కుర్చీలో కూర్చున్నారు. మధ్యాహ్నమైనా తెరలు బక్కెట్లోనే ఉన్నాయి, మేష్టారు కుర్చీలోనే ఉన్నారు.

మేష్టారు కాలేజీలో శైలీశాస్త్రం చెబుతారు. అదేమిటని కొత్త పిల్లలు అడిగితే, "ఏం చెప్పారన్నది లోకమంతా చూస్తుంది. ఎలా చెప్పారన్నది మనం చూస్తాం" అంటారు. ఎలా చెప్పారో చూసి ఎవరు చెప్పారో పట్టేయడంలో ఆయన దిట్ట. ఒకసారి ఎవరో పేరు పెట్టకుండా ఆయన మీదే ఫిర్యాదు రాసి బల్ల మీద పడేస్తే, అక్కడికక్కడే చదివి, వెనక బెంచీ వాణ్ణి లేపి, "అడుగడుగునా కామా పెట్టి ఊపిరి తీసుకునేవాడివి ఈ క్లాసులో నువ్వొక్కడివే" అన్నారు. వాడు అక్కడే ఒప్పేసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

భార్యది నీటి పరీక్షల ఉద్యోగం. ఏ చెరువు నీళ్లలో ఏం కలిసిందో, ఏ గొట్టంలోంచి ఏం వస్తోందో పరీక్షించి చెప్పాలి. దూరాన ఆనకట్ట పక్కనున్న చిన్న ఊళ్లో కొత్త ప్రయోగశాల పెడితే, దాన్ని నిలబెట్టి రమ్మని ఏడాదికి ఆవిడను పంపారు. మొదట్లో వీలైనప్పుడల్లా వచ్చి వెళ్లేది. వానలు పడి నీళ్లు బురదయ్యాక రావడం తగ్గింది. ఫోనులో మాట్లాడదామంటే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, "నువ్వు చెప్పు", "మీరు చెప్పండి" అనుకుని ఒకేసారి ఆగిపోయేవారు. అందుకని మెసేజీలు అలవాటయ్యాయి.

ఆ మెసేజీలంటే మేష్టారికి ప్రాణం. "ఏమండీ, ఇవాళ సీసాలు కడిగే అతను రాలేదు కదా, నేనే కడిగాను, చేతులు నానిపోయి అచ్చం మా అమ్మ చేతుల్లా కనిపించాయి, ఏడుపొచ్చింది, అంతలోనే ఎందుకో నవ్వొచ్చింది, మీరు తిన్నారా లేదా?" అని రాసేది. ఎక్కడా చుక్క ఉండదు. ఒక మాట ఇంకో మాటను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. చదువుతుంటే ఆవిడ వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వరండాలోకి తిరుగుతూ మాట్లాడుతున్నట్టే ఉండేది. ఇల్లు ఖాళీగా ఉందన్న సంగతి మేష్టారు కాసేపు మరిచిపోయేవారు.

ఈ మధ్య అవి మారిపోయాయి. "పని ఎక్కువ." "తిన్నాను." "వాన." ఇలా వస్తున్నాయి. బుధవారం మాత్రం కాస్త పొడుగుది వచ్చింది. "ఇక్కడ ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు. సోమవారానికి చెప్పాలి. మీరేమంటారు."

మేష్టారు అది రెండుసార్లు చదివారు. ఇంకో రెండేళ్లంటే ఈ గోడలతో ఇంకో రెండేళ్లు మాట్లాడాలి. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆవిడకే అక్కడ ఉండాలని ఉందేమో! ఆ సంగతి ఆవిడ చెప్పకపోయినా శైలి చెబుతుంది కదా అని, ఆ మూడు వాక్యాలను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. 'కదా' లేదు. 'ఏమండీ' లేదు. అడిగే వాక్యం చివర ప్రశ్నార్థకం కూడా లేకుండా తలుపేసినట్టు చుక్క ఉంది.

జవాబు రాయడానికి కూర్చున్నారు. మేష్టారికి జవాబు రాయడం మామూలు పని కాదు. ప్రతి సాయంత్రం ఒక పేజీ రాసేవారు. నీ దిండు మీద తలపెట్టి పడుకుంటున్నానని, వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా నీదేమోనని తల తిప్పుతున్నానని రాసేవారు. తర్వాత మళ్లీ చదివి, ఇది అతిశయోక్తి అని ఒక ముక్క, ఇది అరిగిపోయిన పోలిక అని ఇంకో ముక్క కొట్టేసేవారు. అన్నీ పోగా ఏ దోషమూ లేని భాగం ఏదైనా మిగిలితే అది పంపేవారు. సాధారణంగా "భోంచేశాను" మిగిలేది. బుధవారం కూడా ఎంతో రాసి ఎంతో కొట్టేసి, చివరికి "చూశాను" అని పంపారు.

ఇక శనివారం కూర్చున్న కూర్చోవడంలో ఏడాది మెసేజీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి చార్టు గీశారు. ఆవిడ 'కదా'లు ఎర్ర గీత. అది మొదట్లో పైన ఎక్కడో ఉండి, క్రమంగా దిగి, చివరికి నేలను పట్టుకుంది.

ఆ చార్టు పట్టుకుని పై అంతస్తుకు వెళ్లారు. అక్కడ ధ్వనుల మేడమ్ ఉంటుంది. ఆయన కాలేజీలోనే ధ్వనిశాస్త్రం చెబుతుంది. మనుషులు మాట్లాడుతుంటే వాళ్ల మాట వినకుండా మూతి కదలిక చూస్తూ ఉండటం ఆవిడ అలవాటు.

"శాస్త్రప్రకారం దీనికి రెండే కారణాలు మేడమ్," అన్నారు మేష్టారు. "రాసే మనిషి మనసన్నా మారాలి, రాసే మనిషన్నా మారాలి."

"మనసు మారడమంటే?"

మేష్టారు కిటికీలోంచి బయటికి చూశారు. "మనసు మారలేదు. మారదు. కాబట్టి మనిషే మారి ఉండాలి. ఆ మెసేజీలు ఆవిడ రాయట్లేదు. ఆవిడ ఫోన్ ఇంకెవరి చేతిలోనో ఉంది."

భార్య తనను మరిచిపోయిందనుకోవడం కన్నా ఆవిడ ఫోన్ దొంగలపాలైందనుకోవడం ఆయనకు ఎంతో హాయిగా ఉంది. మేడమ్‌కి మాత్రం ఆయన కింది పెదవి వణకడం బాగా కనిపించింది.

"మీరు నిద్రపోయి ఎన్నాళ్లైంది మేష్టారూ?" అంది.

ఆ ప్రశ్న శాస్త్రానికి సంబంధించింది కాదు కాబట్టి మేష్టారు కిందికి దిగివచ్చారు. దొంగను పట్టడానికి ఒక పరీక్ష తట్టింది. జన్మలో ఎన్నడూ తను వాడని గ్రాంథికంలో ఒక మెసేజ్ పంపాలి. అసలు మనిషైతే, "ఏంటీ వేషాలు?" అని తిడుతుంది. దొంగైతే మర్యాదగా జవాబిస్తాడు. వెంటనే రాశారు. "సహధర్మచారిణీ! నీవు లేని ఈ గృహమున గవాక్షములు సైతము దిగంబరములై నిలిచినవి. నా స్థితి వర్ణనాతీతము." తెరలు బక్కెట్లో ఉన్నాయి కనుక అందులో అబద్ధం కూడా ఏమీ లేదు.

పంపిన మరుక్షణం ఫోన్ మోగింది. దాని మీద భార్య పేరు. మేష్టారి చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది. అయినా శాస్త్రం అడ్డుపడింది. రాత పరీక్ష జరుగుతుండగా మాట కలిస్తే నమూనా పాడైపోదూ? ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. ఆయన చెవులు మూసుకుని కూర్చున్నారు. అది ఆగగానే బావమరిదికి ఫోన్ చేశారు.

బావమరిది ఊళ్లో డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. జీవితమంతా పక్క సీట్లో కూర్చుని, కాలి కింద తనకోసం పెట్టించుకున్న రెండో బ్రేకు మీద పాదం వేసుకుని బతికినవాడు. అందుకే ఏ విషయంలోనైనా ముందు గట్టిగా అరిచి, తర్వాత ఆలోచిస్తాడు.

"మీ అక్క మెసేజీలు మీ అక్క రాయట్లేదు," అన్నారు మేష్టారు.

"అంటే? అక్క ఫోన్ ఎవడో లాక్కున్నాడా?"

"శైలి అలాగే చెబుతోంది."

"బావా, మీరు ఇంకేం చెప్పకండి. ముందా ఫోన్ ఆపెయ్యండి. మనం కదిలిన సంగతి వాడికి తెలిసిపోతుంది. పొద్దున్నే బండి తెస్తా, తయారుగా ఉండండి."

ఆదివారం తెల్లవారుతూనే బండి వచ్చింది. నెత్తిన డ్రైవింగ్ స్కూల్ బోర్డు, ముందూ వెనకా నేర్చుకునేవాళ్ల ఎర్ర గుర్తులు ఉన్నాయి. బావమరిది అప్పటికే పక్క సీట్లో సర్దుకుని కూర్చున్నాడు.

"నువ్వు నడపవా?" అన్నారు మేష్టారు.

"నాకు ఆ సీట్లో కూర్చుంటే కంగారు బావా. మీరు నడపండి, నేను చెప్తాను."

మేష్టారు నడిపారు. "క్లచ్! అద్దం చూడండి! అది మనిషి బావా, స్తంభం కాదు!" అంటూ బావమరిది దారి పొడుగునా అరిచాడు. మేష్టారు వేగం పెంచినప్పుడల్లా అటువైపు బ్రేకు పడింది. ఎదురుగా ఒక బస్సు వచ్చి, ఎర్ర గుర్తు చూసి, జాలిగా పక్కకు తప్పుకుని వెళ్లింది. బావమరిది జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. బండి కదులుతుండగా ఫోన్ ముట్టకూడదన్నది తన స్కూల్లో మొదటి పాఠం కాబట్టి అతను దాని వైపు చూడలేదు.

ఆనకట్ట ఊరు ఇంకాస్త దూరం ఉందనగా ఒక పోలీసు వీళ్ల బండి ఆపించాడు. నెరిసిన జుట్టుతో చెమటలు కక్కుతున్న మేష్టారినీ, ఆ ఎర్ర గుర్తునూ మార్చి మార్చి చూశాడు.

"ఈ వయసులో నేర్చుకుంటున్నారు, సంతోషం. ఊరు దాటి ఇంత దూరం వచ్చి నేర్చుకోవాలా?"

"మా అక్క ప్రమాదంలో ఉంది సార్!" అని బావమరిది ఒక్కసారిగా అరిచాడు. "అక్క ఫోన్‌లోంచి ఇంకెవరో మెసేజీలు పంపుతున్నారు!"

పోలీసు ముఖం మారింది. "ఆధారం ఉందా?"

మేష్టారు చార్టు ఇచ్చారు. పోలీసు దాన్ని అడ్డంగా, నిలువుగా, మళ్లీ అడ్డంగా చూశాడు.

"ఈ ఎర్ర గీత ఏంటండీ?"

"మా ఆవిడ 'కదా' అనడం. చూడండి, ఎలా పడిపోయిందో."

"మా ఆవిడ పెళ్లైన దగ్గర్నుంచి నాతో 'కదా' అనలేదు. ఎవరి మీద పెట్టమంటారు కేసు?"

అలా అన్నాడే గాని అతనికి బావమరిది గొంతు మీద నమ్మకం కుదిరింది. అంత గట్టిగా అరిచేవాడి వెనక ఏదో ఒకటి ఉండకపోదని, "పదండి, నేనూ వస్తా" అని మోటార్ సైకిలెక్కాడు. ముందు నత్తనడకన నేర్చుకునే బండి, వెనక హారన్ కొట్టుకుంటూ పోలీసు. ఊళ్లోకి వచ్చేసరికి జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు. ఏమైందో తెలుసుకుందామని కొందరు వెంట నడిచారు. నడిచేవాళ్లు బండిని సులువుగా దాటేశారు కూడా.

మేష్టారి భార్య అద్దెకున్నది ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద. ఇంటావిడ వరండాలో బియ్యం ఏరుకుంటోంది. గేటు ముందు పోలీసునూ, వెనక జనాన్నీ చూసి చేటతో సహా లేచి నిలబడింది.

"అయ్యో, అయ్యో! ఆయన పోయారా?"

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు పోలీసు.

"పైన ఉండే నీళ్లమ్మ భర్త! ఆయనకి మతి సరిగా లేదని కబురొచ్చి, పాపం ఆ పిల్ల చీకటితోనే బస్సెక్కి వెళ్లింది. అది చేరకముందే పోయారా? ఎంత మంచివాడని చెప్పేదో!"

కామా మేష్టారు జనాన్ని తోసుకుని ముందుకు వచ్చారు. "అమ్మా, నేనే ఆవిడ భర్తని."

ఇంటావిడ ఆయన్ను కింద నుంచి పైదాకా చూసింది. చెదిరిన జుట్టు, బొత్తాలు తప్పుగా పెట్టుకున్న చొక్కా, చేతిలో చార్టు.

"మతి సంగతి నిజమేనన్నమాట," అని తాళం చెవి ఇచ్చింది.

ఆ మాటతో పోలీసుకు కేసంతా అర్థమైపోయింది. జనాన్ని చెదరగొట్టి, బావమరిదిని పక్కకు పిలిచి, ఆ బండికి ఊరు దాటే అనుమతి ఉందా అని అడగడం మొదలుపెట్టాడు. మేష్టారు ఒక్కరే మెట్లెక్కారు.

ఒకటే గది. కిటికీ దగ్గర ఒకటే కుర్చీ. బోర్లించిన ఒక పళ్లెం, ఒక గ్లాసు. తలుపు వెనక కొక్కేనికి ఆయన పాత చొక్కా వేలాడుతోంది. పోయిందనుకుని ఇల్లంతా వెతికిన చొక్కా అది. మోచేతుల దగ్గర మరకలున్నాయి, ప్రయోగశాలలో వేసుకుంటున్నట్టుంది. గది మధ్యలో నేల మీద ట్రంకుపెట్టె మూత తీసి ఉంది. అడుగున పుస్తకాలు, వాటి మీద దుప్పట్లు శ్రద్ధగా సర్ది ఉన్నాయి. సగం దాకా సర్ది ఆపేసినట్టుంది. మిగిలిన సామాను పెట్టె చుట్టూ నేల మీదే ఉంది.

ఇంటావిడ ఆయాసపడుతూ వెనకే వచ్చింది. "పోయినవారం హుషారుగా మొదలెట్టింది బాబూ. బుధవారం నుంచి చెయ్యి పెట్టలేదు. ఏమ్మా అంటే, ఆయన్ని ఒక మాట అడిగానండీ, జవాబు రాలేదు, అంది."

మేష్టారు కుర్చీలో కూలబడ్డారు. చార్టును మడిచి కింద పెట్టారు. ఆయనకు అప్పుడు ఆవిడ గొంతు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఆపేసిన ఫోన్ తెరవగానే అందుకోని కాల్స్ అన్నీ ఒక్కసారిగా కూశాయి. వాటిని దాటుకుని ఆయన భార్యకు ఫోన్ చేశారు.

"ఏమండీ!" అంది ఆవిడ. "ఎక్కడున్నారు? ఎలా ఉన్నారు? ధ్వనుల మేడమేమో మీరు రాత్రీ పగలూ చార్టులు గీస్తున్నారని నిన్న ఫోన్ చేసి చెప్పింది, వచ్చి చూస్తే ఇంటికి తాళం, నా చెవితో తీశాను, తమ్ముడు ఫోనెత్తడు, బక్కెట్లో తెరలు కంపు కొడుతున్నాయి, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు!"

ఎక్కడా చుక్క లేదు. మేష్టారు కళ్లు మూసుకుని విన్నారు.

"నేను నీ గదిలో ఉన్నాను," అన్నారు.

"నా గదిలోనా? ఎందుకూ?"

"నీ మెసేజీలు మారిపోయాయి. పొట్టివైపోయాయి. నువ్వు కాదేమో రాసేది అనుకున్నాను."

"నేను ఇంత పొడుగు రాసి పంపితే మీరు 'భోంచేశాను' అని పంపేవారు. వాగుడు ఎక్కువైందేమోనని తగ్గించుకున్నాను. మీరు ఎంత రాస్తే నేనూ అంతే రాస్తున్నాను. అది కూడా తప్పేనా?"

ఏడాది మెసేజీల్లో సగం తనవే అన్న సంగతి మేష్టారికి అప్పుడు తట్టింది. ఆ సగానికి ఆయన ఏ గీతా గీయలేదు.

"సరే, అవన్నీ పోనివ్వండి," అంది ఆవిడ. "బుధవారం ఒక మాట అడిగాను. చూశారా?"

"చూశాను."

"చూశారని నాకు తెలుసు. 'చూశాను' అనే రాశారుగా. చూసి ఏం చేశారు?"

"విశ్లేషించాను."

"ఏమండీ, నేను రెండేళ్లు ఉండమంటారా, వచ్చెయ్యమంటారా అని అడిగాను. పెళ్లాం అడిగితే జవాబు చెప్తారు, విశ్లేషిస్తారా ఎవరైనా?"

మేష్టారు నోరు తెరిచారు. అలవాటు ప్రకారం ఒక పేజీ లోపల సిద్ధమైంది. దిండు, చెప్పుల చప్పుడు, అన్నీ వరసగా వచ్చి గొంతులో నిలబడ్డాయి. అలవాటు ప్రకారం వాటిని కొట్టెయ్యబోయి ఆగిపోయారు. ఎదురుగా సగం సర్దిన పెట్టె ఉంది.

"వచ్చెయ్," అన్నారు. "నువ్వు లేకపోతే నాకు బాగోలేదు. అస్సలు బాగోలేదు. నీ దిండు మీద పడుకుంటున్నాను. వీధిలో ఎవరు నడిచినా నువ్వేననుకుంటున్నాను. ఎంత గొప్ప పనైనా సరే, వద్దు, వచ్చెయ్."

ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఎక్కడికి రమ్మంటారండీ?" అంది. "నేను మనింట్లోనే కూర్చున్నాను. మీరే రావాలి."

మేష్టారు ఒక్క గంతులో లేచారు. ఒంట్లోకి కొత్త బలం వచ్చినట్టుంది. పెట్టెలో మిగిలిన సగం ఆయనే సర్దారు. పళ్లెం, గ్లాసు, పొయ్యి, దువ్వెన, గొడుగు, కొక్కేనికున్న చొక్కా ఏదీ వదలలేదు. బావమరిది చేత మోయించి బండిలోకి ఎక్కించారు. నెలాఖరు దాకా ఆవిడ ఇక్కడే ఉండి పని అప్పగించాలని, అన్నం ఆ పళ్లెంలోనే తినాలని ఇంటావిడ మెట్ల మీద నుంచి కేకేసి చెప్పింది గాని, అప్పటికే బావమరిది "అద్దం చూడండి!" అని అరుస్తున్నాడు. ఆ మిగిలిన రోజులు ఆవిడ ఇంటావిడ గిన్నెల్లో వండుకుంది.

సోమవారం పొద్దున ఇంట్లోనే కూర్చుని, భర్త పక్కన ఉండగా, ఆవిడ పై అధికారికి జవాబు పంపింది. "ఉండను. ధన్యవాదాలు."

అందులో శైలి బొత్తిగా లేదని కామా మేష్టారు ఎంతో సంతోషంగా అభిప్రాయపడ్డారు.